పదింటిదాకా పలకని పెట్టె

అమలాపురం నుంచి ముమ్మిడివరం పోయే దారిలో మైకు కట్టుకున్న ఆటో ఏదైనా ఎదురైతే, అందులో మాట్లాడే మనిషిని నేనే. చీరల మీద తగ్గింపు, రొయ్యల మేత మీద బహుమతి, తప్పిపోయిన సూడిగేదె, కొత్తగా తెరిచిన పళ్ళ ఆసుపత్రి... ఊరికి ఎవరేం చెప్పుకోవాలన్నా నా గొంతు అద్దెకి తీసుకుంటారు. నా గొంతు వినడానికి రోడ్డు పక్క కొబ్బరిచెట్లు కూడా ఒంగుతాయని నేను చెప్పుకుంటూ ఉంటాను. "అవి మొలిచినప్పట్నుంచీ అలాగే ఒంగున్నాయండీ," అంటుంది మా ఆవిడ. సొంత ఇంట్లో కళాకారుడి బతుకు ఇంతే.

ఆ గొంతు తయారయ్యే కార్ఖానా మా పెరట్లో గది. బయటి చప్పుడు లోపలికి రాకుండా నాలుగు గోడలకీ కొబ్బరిపీచు పరుపులు నిలువుగా కొట్టించేను. తలుపేసుకుని కూర్చుంటే మన మీసం పెరుగుతున్న చప్పుడు మనకే వినిపిస్తుంది. గది మధ్యలో మైకు, తూర్పు గోడకి కంప్యూటరు. అందులో నడిచే సిస్టం పేరు లినక్సు. అదేదో గొప్పకి పెట్టుకున్నది కాదు. నా పెన్‌డ్రైవులన్నీ ఆటోల్లోనే కాపురం ఉంటాయి. ఊరూరా తిరిగి, దొరికిన ప్రతి వైరస్సునీ ఎక్కించుకుని మరీ ఇంటికొచ్చేవి. అంతకుముందున్న సిస్టం నెలకోసారి మంచం పట్టేది. లినక్సు పెట్టించేక ఒక్క జబ్బు కూడా దాని గుమ్మం తొక్కలేదు. "ఉక్కుమనిషండీ," అని వచ్చినవాళ్ళందరికీ చూపించేవాణ్ణి.

ఆ ఉక్కుమనిషి పోయిన డిసెంబరులో ఒక మంగళవారం పొద్దున్న పడిపోయేడు. పడిపోతే పడిపోయేడు, కడుపులో పరాయి సొమ్ము పెట్టుకుని మరీ పడిపోయేడు.

మా వీధి చివర చర్చి ఉంది. అక్కడ ఆడవాళ్ళ పాటల బృందాన్ని నడిపేది రిటైరైన ఒక టీచరుగారు. నన్ను తమ్ముడుగారూ అంటారు, నేను అక్కగారూ అంటాను. ఏళ్ళ తరబడి చిన్నపిల్లలకి ఎక్కాలు చెప్పిన గొంతు ఆవిడది, ఆవిడ ఎవరి చెవిలోనైనా రహస్యం చెప్తే కొత్తపేటలో బస్సు దిగుతున్నవాళ్ళు "అలాగా?" అంటారు. ఆ శనివారం సాయంత్రం క్రిస్మస్ కార్యక్రమం. రాజోలు వైపు నుంచి ఇంకో చర్చి బృందం కూడా పాడడానికి వస్తోంది. మనవాళ్ళవి ఐదు పాటలు. వాటికి కీబోర్డు వాయించే మాస్టారు ఒక చలిపొద్దున నా గదిలో కూర్చుని ఐదింటికీ సంగీతం రికార్డు చేయించేరు. ఆ మర్నాడే రొయ్యల చెరువు గట్టు మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. చేతికి మోచేతిదాకా కట్టు. ఇక ఆ పాటలకి సంగీతమంటూ లోకంలో ఉంటే నా కంప్యూటర్లోనే ఉంది. ఇంకో కాపీ తియ్యాలంటే పెన్‌డ్రైవు కావాలి. పెన్‌డ్రైవులు ఎక్కడుంటాయో చెప్పేనుగా.

"మా ఆడవాళ్ళంతా మాస్టారు వాయించే ఆ సంగీతానికే అలవాటు పడిపోయేరు తమ్ముడుగారూ," అన్నారు టీచరుగారు సంగతి తెలియగానే వచ్చి. "అది లేకపోతే మొదటి మాట ఎక్కడ ఎత్తుకోవాలో ఒక్కరికీ తెలీదండి. రాజోలు వాళ్ళ ముందు ఒక్కొక్కరూ ఒక్కో చోట ఎత్తుకుంటారు. నేను చెయ్యి ఊపి ఎంతమందిని పట్టుకోనూ?"

"మీరేం కంగారు పడకండక్కగారూ," అన్నాను. లోపల నేను పడుతున్న కంగారుకి గోడల మీద పరుపులు కదులుతున్నాయి.

అసలు జరిగింది ఇదీ. మంగళవారం పొద్దున్న మీట నొక్కితే ఫ్యాను తిరిగింది. తెర మాత్రం కాటుక పెట్టినట్టు నల్లగా ఉండిపోయింది. పెట్టెలోంచి మూడు కూతలు వచ్చేయి. మళ్ళీ నొక్కితే మళ్ళీ మూడు. దాని భాషలో ఆ కూతలకి అర్థం, నాకు జ్ఞాపకం పోయిందీ అని. కంప్యూటరు పని చేస్తున్నంతసేపూ చేతిలో పట్టుకునే సరుకంతా మెమరీ అనే రెండు పచ్చటి పలకల మీద ఉంటుంది. అవి అందకపోతే అది తన పేరు కూడా చెప్పలేదు.

పెట్టెని ఆటోలో ఒళ్ళో కూర్చోబెట్టుకుని అమలాపురం తీసుకెళ్ళేను. దారి పొడుగునా ఆ ఆటో మైకులో నా గొంతే, పళ్ళు పుచ్చితే ఆలస్యం చెయ్యొద్దని నన్నే హెచ్చరిస్తూ వచ్చింది. రిపేరు షాపాయన టీ తాగి వచ్చి, వైరు పెట్టి, మీట నొక్కేసరికి పదైంది. నా కంప్యూటరు లేచి, పెళ్ళికొడుకులా నవ్వింది.

"ఏమైందన్నారండీ?"

"పొద్దున్న పలకలేదండీ."

"ఇప్పుడు పలుకుతోంది కదండీ."

మెమరీని పరీక్ష చేసే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. అది కూడా నడిపేరు. ఒక్క తప్పు లేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళగానే జ్వరం తగ్గిపోయిన మనిషిని చూసినట్టు ఆయన నన్ను చూసేరు. జాలిపడి, తన పెన్‌డ్రైవొకటి చేతిలో పెట్టేరు. "ఇందులో చిన్న లినక్సూ, ఆ పరీక్షా రెండూ ఉన్నాయండి. మీది ఎప్పుడైనా లేవకపోతే దీని మీంచి లేపండి. ఇందులో ఇంకేమీ పట్టదు, పాటలూ గీటలూ ఎక్కించకండి."

ఇంటికొచ్చేక సాయంత్రందాకా కంప్యూటరు బంగారంలా పని చేసింది. బుధవారం పొద్దున్న మళ్ళీ మూడు కూతలు. బతిమాలి, బుజ్జగించి, పెట్టె మీద రెండు తట్లు తట్టి, ఎన్నోసారికో లేపేను. లేస్తూనే, కొత్త సవరణలు వచ్చేయి ఎక్కించమంటారా అని అడిగింది. జబ్బుమనిషి తనంతట తాను మందు అడుగుతుంటే వద్దనే కసాయివాణ్ణి కాను. ఎక్కించమన్నాను. సగంలో బిగుసుకుపోయింది. ఆ తరవాత తెర మీద తెల్లటి అక్షరాలు వరసగా కురిసి, చివర "కెర్నెల్ పానిక్" అని ఆగిపోయేయి. ఇన్నేళ్ళ కాపురంలో యంత్రమే నోరు తెరిచి నాకు భయం వేస్తోందని చెప్పడం అదే మొదలు.

సరే, నిన్నట్లాగే పదింటికి లేస్తుందిలే అనుకున్నాను. పది దాటింది. పన్నెండైంది. కూతలైతే ఆగిపోయేయి గాని భయం పోలేదు. అదే తెర, అవే అక్షరాలు.

అప్పుడు మొదలైంది నాకు అసలు దురద. పాటల బెంగ ఒక పక్కన ఉంది, కాదనను. కానీ ఒక యంత్రం పొద్దున్న ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఎందుకుండాలి? మనుషులంటే అర్థం ఉంది, కాఫీ పడలేదంటారు. దీనికేం రోగం? ఊళ్ళో ఎవరు కనిపించినా ఇదే అడిగేను. పాలబ్బాయి కరెంటు అన్నాడు. ఎదురింటాయన తూర్పు గోడకి పెట్టకూడదన్నారు. నేను నిజంగానే పడమటి గోడకి మార్చి చూసేను. శాస్త్రం అన్నాక ఏ దారీ వదలకూడదు.

గురువారం పొద్దున్న మంచు ఎంత దట్టంగా ఉందంటే, మా ఇంటి అరటిగెల నా తలకి తగిలితేగాని కనిపించలేదు. షాపాయన పెన్‌డ్రైవు పెట్టి, మూడుసార్లు నొక్కితే దాని మీంచి మెమరీ పరీక్ష మొదలైంది. ఆ పరీక్ష బలే సరదాగా ఉంటుంది. మెమరీకి ఒక అంకె ఇచ్చి దాచమంటుంది. కాసేపాగి, ఏదీ చూపించు, అంటుంది. ఇచ్చింది ఒకటి, చూపించింది ఒకటి అయితే ఎర్రగా ఒక గీత రాస్తుంది. షాపులో ఒక్క గీత రాని పరీక్షలో ఇక్కడ తెరంతా మిరపకాయలు ఆరబోసినట్టు అయిపోయింది.

గీతలు చూస్తూ కూర్చున్నాను. ఓరగా ఉన్న తలుపులోంచి, పెరట్లో తల దువ్వుకుంటున్న మా ఆవిడ గొంతు వచ్చింది.

"ఏవండీ, ఆ ఇడ్లీగిన్నె మూత మీద సీసా తీసుకొస్తారా? కరిగుంటుంది."

"ఏం సీసా?"

"నూనె సీసా. ఈ చలికి కొబ్బరినూనె పేరుకుపోయి చావడం లేదూ? పదింటిదాకా బోర్లించినా చుక్క రాలదు. ఆ తరవాత వద్దన్నా కారుతుంది."

నేను ఇడ్లీగిన్నె దగ్గరికి వెళ్ళేను. సీసా పైన నూనె కరిగి నీళ్ళలా ఉంది, అడుగున ఇంకా తెల్లగా మైనంలా ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ నిలబడిపోయేను. పదింటిదాకా రాదు. తరవాత వస్తుంది. ఈ కథ నేను రెండు రోజులుగా వేరే చోట వింటున్నాను.

మా ఆవిడ జుట్టు ఆరబెట్టుకునే మిషను పట్టుకుని గదిలోకి పరిగెత్తేను. కంప్యూటరు పెట్టె పక్క రేకు విప్పి, లోపలికి వేడిగాలి పట్టేను. గీతలు వస్తున్నాయి, వస్తున్నాయి, ఆలస్యంగా వస్తున్నాయి... ఆగిపోయేయి. వేడి తీసేసి, మంచులోకి తలుపు బార్లా తెరిచి కూర్చున్నాను. కాసేపటికి మళ్ళీ ఒక ఎర్రగీత, సిగ్గుపడుతూ వచ్చింది. ఆ గీతని చూసి నేను వేసిన కేకకి చెరువుగట్టు మీది కొంగలు లేచి అప్పనపల్లిదాకా వెళ్ళి వాలేయట. నేను చూళ్ళేదు, కానీ నా కేక నాకు తెలుసు.

కరెంటు తీసేసి రెండు పలకలూ ఊడదీసేను. వాటి అంచున బంగారపు రంగు పళ్ళుంటాయి. అవి పెట్టెలో ఉండే స్లాటనే సందులో దిగితేనే మాటలు అటూ ఇటూ వెళ్తాయి. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేను.

కమ్మటి కొబ్బరినూనె. తలంటుకుని వచ్చినట్టుంది.

ఇక మా పిన్ని గురించి చెప్పాలి. మా అమ్మ చెల్లెలు, మా దగ్గరే ఉంటుంది. ఉప్పుగాలికి మా వైపు ఇనుము బతకదు. వానలు వెళ్ళి కార్తీకమాసంలో ఎండ ముదిరేక మా పిన్ని ఇంట్లో లోహమన్నది ఏదీ లోపల ఉండనివ్వదు. కత్తిపీట, గునపం, తాళాలు, కత్తెరలు, తలుపు బందులు, అన్నీ వాకిట్లో చాప మీద పరిచి, ఎండబెట్టి, పాతగుడ్డతో ఒక్కొక్కదానికీ కొబ్బరినూనె పట్టిస్తుంది. నా సైకిలు గొలుసుకి పట్టించింది, కళ్ళజోడు మరకి పట్టించింది. ఒక ఏడాది గుమ్మంలో ఎక్కువసేపు నిలబడిన గ్యాసు బండని కూడా వదల్లేదు. పోయిన కార్తీకంలో సరిగ్గా ఆ చాప పరిచిన పొద్దునే నేను కంప్యూటరుకి దుమ్ము దులుపుదామని విప్పేను. రెండు పలకలకీ కొంచెం ఎండ తగిలితే మంచిదని, వాకిట్లో చాప ఉందిగదా అని, దాని కొసన పెట్టేను. ఈలోగా గేదె తప్పిపోయిన ఆసామీ ఏడుస్తూ ఫోను చేస్తే మాట్లాడుతూ గేటు దాకా వెళ్ళేను. తిరిగొచ్చేసరికి అవి మరింత మెరుస్తున్నాయి. ఎండ మహిమ అనుకున్నాను.

పిన్ని పెరట్లో పువ్వులు కోస్తోంది. వెళ్ళి పలకలు చూపించేను.

"పిన్నీ, వీటికి నూనె రాసేవా?"

"ఆయ్, రాసేను. చాప మీదున్న ప్రతిదానికీ రాసేను. ఏం, తుప్పు పట్టిందా?"

"లేదు."

"మరి?"

పలకలు పట్టుకుని గదిలోకి వచ్చేసేను. వేడి ఉన్నన్నాళ్ళూ నూనె నీళ్ళలా ఉండి దారి ఇచ్చింది. స్లాటులో దుమ్ముతో కలిసి, డిసెంబరు చలికి పేరుకుని, పొద్దున్నే పళ్ళకీ స్లాటుకీ మధ్య మైనపు గోడ కట్టింది. పదింటికి ఎండొస్తే గోడ కరిగిపోయేది. షాపాయనకి ఫోను చేసి చెప్పేను. "తలనూనె కదండీ, జ్ఞాపకశక్తికి మంచిదే అనుకున్నారేమో పెద్దావిడ," అన్నారు.

పలకల పళ్ళు రబ్బరుతో రుద్దేను. స్లాటులోకి బ్రష్షుతో స్పిరిటు పట్టించి ఆరబెట్టేను. శుక్రవారం పొద్దున్న, అంతకు ముందురోజుకంటే చలిలో, పరీక్ష పెట్టేను. ఒక్క గీత రాలేదు. టీచరుగారు శాలువా కప్పుకుని గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

"అయితే బాగైపోయినట్టేనా తమ్ముడుగారూ?"

"ఆయ్," అని ధీమాగా పెన్‌డ్రైవు తీసి, మీట నొక్కేను.

తెల్లటి అక్షరాలు. కెర్నెల్ పానిక్.

టీచరుగారు వచ్చి కుర్చీలో కూలబడ్డారు. నేను మాత్రం గోడ మీది పరుపు పీచు పీకుతూ ఆలోచించేను. మెమరీ బాగైంది కదా, ఇంకా దేనికి భయం? పెళ్ళిభోజనాలు తలుచుకుంటే అర్థమైంది. కొట్టుగదిలోంచి సరుకు మోసేవాడు చీకట్లో పంచదారకి బదులు ఉప్పు తెచ్చి పాయసంలో పోసేడనుకోండి. ఆ మనిషిని పంపించేసి మంచివాణ్ణి పెట్టుకుంటాం. పాయసం మాత్రం ఉప్పగానే ఉంటుంది. చలిపొద్దుల్లో ఆ మెమరీ ఎన్ని అబద్ధాలు చెప్పిందో అన్నింటినీ సిస్టం నమ్మి, సవరణల పేరుతో, అన్నీ దాచుకునే డిస్కు మీద శుభ్రంగా రాసి పెట్టుకుంది. అబద్ధాలకోరు మారేడు గాని, అబద్ధాలు ఇంట్లోనే ఉన్నాయి.

"అయితే మా పాటల్లోనూ ఉప్పు పడిందా?" అన్నారు టీచరుగారు.

ఆ ప్రశ్న నాకు తట్టలేదు. తట్టేక మీట మీంచి వేలు తీసేసేను.

"బాగుచేసే ముందు వాటిని బయటికి తీద్దామక్కగారూ. బాగుచెయ్యబోయి పోగొట్టుకోకూడదు."

రొయ్యల మేత ప్రకటన తిప్పుతున్న ఆటోవాణ్ణి ఫోను చేసి పిలిచేను. ముమ్మిడివరం రోడ్డు మీద బహుమతులు ప్రకటిస్తూ వచ్చినవాడు మా గేటు దగ్గర మాట మధ్యలో ఆగిపోయి, పెన్‌డ్రైవు తీసిచ్చి, "త్వరగా ఇచ్చెయ్యండి మాస్టారూ, ఆటో మూగదైపోయింది," అన్నాడు. షాపాయన ఇచ్చిన చిన్న లినక్సు మీంచి కంప్యూటరు లేపి, మా డిస్కుని చదవడానికి మాత్రమే, రాయడానికి వీల్లేకుండా తెరిచేను. అయిదు పాటలూ కనిపించేయి. ఒక్కొక్కటే పెన్‌డ్రైవులోకి దిగుతుంటే టీచరుగారు కళ్ళు మూసుకుని ఉన్నారు. నేనూ మూసుకుందును గాని, ఒకరు చూస్తూ ఉండాలి కదా.

పాటలు చేతికొచ్చేక వైద్యం మొదలుపెట్టేను. డిస్కుని సరిచూసే ప్రోగ్రాం మహా మర్యాదస్తురాలు. ఒక్కో తప్పూ చూపించి, సరిచెయ్యమంటారా, అని అడిగి మరీ చేస్తుంది. ఒప్పుకోవడానికి ఒక మీట నొక్కాలి.

"ఆయ్," అని నొక్కేను. మళ్ళీ అడిగింది. "ఆయ్." మళ్ళీ. "ఆయ్." కాసేపటికి టీచరుగారు కూడా కలిసేరు. ఇద్దరం "ఆయ్, ఆయ్" అంటుంటే పిన్ని వచ్చి, ఎవరింట్లో సంబంధం మాట్లాడుతున్నారని అడిగింది.

ఆ తరవాత మిగిలింది బూటు, అంటే నిద్రలేచే తంతు. కంప్యూటరు లేచేటప్పుడు మొదట చదువుకునే ఫైళ్ళే చెడిపోయేయి. బయట పెన్‌డ్రైవు మీద నిలబడి, కిటికీలోంచి లోపలికి చెయ్యి పెట్టి తలుపు గడియ తీసినట్టు, చిన్న లినక్సులోంచి పెద్ద లినక్సులోకి దిగి, ఆ ఫైళ్ళని కొత్తగా రాయించేను. అదే పని పుస్తకంలో నాలుగు వరసల్లో ఉంటుంది. నాకు నాలుగు కాఫీలు పట్టింది. పెన్‌డ్రైవు తీసి మీట నొక్కితే, మంచు ఇంకా విడవకముందే, ఉక్కుమనిషి కళ్ళు తెరిచేడు. మూడు కూతలూ లేవు, భయమూ లేదు.

టీచరుగారు లేచి పాటలు వినిపించమన్నారు. మూడు పాటలు మచ్చ లేకుండా ఉన్నాయి. నాలుగోది వినిపిస్తుంటే రెండో చరణం ముందు, వాయిద్యం ఆగి మళ్ళీ ఎత్తుకునే చోట, చటచటమని చప్పుడు. ఐదోది బాగానే ఉంది. నాలుగోది మళ్ళీ పెట్టేను. మళ్ళీ చటచట.

"ఇదేంటి తమ్ముడుగారూ, మధ్యలో పేలాలు వేగుతున్నాయి?"

ఉప్పు పడిన చోటు దొరికింది. ఆ ముక్క కోసేస్తే తాళం తప్పుతుంది. మళ్ళీ వాయించడానికి మాస్టారి చెయ్యి కట్టులో ఉంది. ఈ మాట చెప్పి తల దించుకున్నాను. టీచరుగారు పాటని మూడోసారి పెట్టమన్నారు. చటచట వచ్చినప్పుడు కుర్చీ చెయ్యి మీద వేళ్ళతో కొట్టేరు. నాలుగోసారి రెండు చేతులతో చప్పట్లు కొట్టేరు.

"ఇంకోసారి పెట్టండి," అన్నారు. ఈసారి ఆ గొంతు మూడో తరగతి గదిలోది.

శనివారం సాయంత్రం పిన్ని కూడా చర్చికి వస్తానంది. "నా నూనె వల్ల వాళ్ళ పాట చెడిందో బాగుపడిందో నేను చూడాలి," అంది. వెనక బెంచీలో కూర్చున్నాం. రాజోలు వాళ్ళు బాగా పాడేరు, అబద్ధం చెప్పకూడదు. తరవాత మనవాళ్ళు. నాలుగో పాటలో ఆ చోటు దగ్గర పడుతుంటే నా గుండె మైకులో పెట్టినట్టు కొట్టుకుంది. వాయిద్యం ఆగింది. సరిగ్గా అప్పుడు టీచరుగారు చెయ్యి లేపేరు. ఆడవాళ్ళంతా ఒక్కసారిగా చటచటా చప్పట్లు కొట్టి, చివరనున్నావిడ గంజీర మోగించి, ఒకే మాట మీద, ఒకే చోట రెండో చరణం ఎత్తుకున్నారు. పేలాలు వేగిన చప్పుడు నా ఒక్కడికే తెలిసింది. చివరి చరణం ముందు అసలు చప్పుడే లేని చోట కూడా జనమే చప్పట్లు కొట్టేసేరు.

అయిపోయేక రాజోలు బృందం నడిపే ఆవిడ టీచరుగారి దగ్గరికి వచ్చేరు.

"నాలుగో పాటలో ఆ చప్పట్ల పద్ధతి బలే ఉందండీ. ఎవరు కట్టేరు? మాకూ నేర్పుతారా?"

టీచరుగారు నా వంక చూసేరు. నేను పిన్ని వంక చూసేను.

"అదిగోనండీ, ఆ పెద్దావిడ," అన్నారు టీచరుగారు.

రాజోలు ఆవిడ నమస్కారం పెడుతూ వెళ్ళేసరికి పిన్ని అటు చూడ్డమే లేదు. జనం బయటికి వెళ్తుంటే ఊగుతున్న చర్చి తలుపు వైపు చెవి పెట్టి ఉంది. ఆ తలుపు బందు కిర్రుమంటోంది. పిన్ని చీర కొంగులోంచి చిన్న సీసా తీసి బోర్లించింది. చుక్క రాలేదు. సీసాని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, కళ్ళు మూసుకుని, కరిగేదాకా కదలకుండా కూర్చుంది. రాజోలు ఆవిడ, పిన్ని ప్రార్థన చేసుకుంటోందనుకుని, కాసేపు పక్కనే నిశ్శబ్దంగా నిలబడ్డారు.